మా మరిది కొమ్ముల సైకిల్

పక్క క్వార్టర్ అతను ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరి సగం దారిలోంచే వెనక్కి వచ్చాడు. నేను వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాను. బండి దిగకుండానే, "అవ్వా, కాక సైకిల్ ఇరిగింది" అన్నాడు. సైకిల్ విరిగితే డ్యూటీ వదిలిపెట్టి నువ్వెందుకు వచ్చావురా అని అడగబోయాను. అతని మొహం చూసి ఊరుకున్నాను. మా మరిది లేడని నాకు అట్లా తెలిసింది.

చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "బాపమ్మా, నీ మాటను జర పుస్తకాల తీరుగ రాస్త" అంది. సరే గాని నా కోపం మాత్రం తీసెయ్యొద్దని చెప్పాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం రివాజు. అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. కానీ పోలీసుల కాగితంలో మా మరిది గురించి వేరే మాట ఉంది. మార్పులు చేసిన సైకిల్ మీద తల దించుకుని పోయి, ఆగి ఉన్న టిప్పర్‌ను తానే గుద్దుకున్నాడని. అంటే తన చావు తానే తెచ్చుకున్నాడని. ఆ మాట కొట్టేయించాలని తిరుగుతున్నాను. అందుకే ఈ నాలుగు మంచి మాటలతో పాటు ఆ సంగతి కూడా చెప్పక తప్పదు.

నేను కాపురానికి వచ్చేనాటికి అతను లాగు జారిపోతే ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తే పిల్లవాడు. అత్త లేని ఇల్లు. నా చేతి అన్నం తిని పెరిగాడు. పెద్దయ్యాక మా ఆయనలాగే బాయి పనిలో చేరాడు. బొగ్గుగనిని మేము బాయి అనే అంటాము. మా ఆయన దమ్ము జబ్బుతో పోయాక ఇంటికి మగదిక్కు అతనే. భూమి లోపల పంపులు, మోటార్లు బాగుచేసే ఫిట్టరు. పైకప్పు తక్కువగా ఉన్నచోట నిలబడడానికి ఉండదు, వంగే నడవాలి, వంగే నట్లు బిగించాలి. అట్లా వంగి వంగి అతని నడుము అక్కడే నిలిచిపోయింది. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేవాళ్లు "అన్నా, జర నిటారుగ నిలబడు" అంటే, "గింతే బిడ్డా, నాకు గిదే నిటారు" అని నవ్వేవాడు.

యాభై దాటాక అందరికీ షుగరు వస్తే ఇతనికి పోటీ పిచ్చి వచ్చింది. ముందు ఈదాలి, ఒడ్డుకు వచ్చి సైకిల్ తొక్కాలి, సైకిల్ దిగి పరుగెత్తాలి, మధ్యలో ఆగకూడదు. ట్రయాథ్లాన్ అంటారట. ఎవరో చిన్న ఆఫీసరు ఫోన్‌లో చూపించాడు. అప్పటినుంచి డ్యూటీ దిగి గోదావరికి పోయేవాడు, గ్రౌండులో పరుగెత్తేవాడు. కాలనీలో నవ్వనివాళ్లు లేరు. "ఏందే మీ మరిది, దొంగతనం చేసిండా, గట్ల ఉరుకుతుండు?" అని నన్నే అడిగేవాళ్లు.

అతని సైకిల్ హైదరాబాదు నుంచి లారీ కేబిన్‌లో, దుప్పట్లో చుట్టుకుని వచ్చింది. ఎవరో వాడి వదిలేసినది. ఇనుము కాదు, కార్బన్ అట. నేను ఒక్క చేత్తో లేపాను. హ్యాండిల్ అందరి సైకిళ్లలాగా లేదు. మధ్యలోంచి రెండు కడ్డీలు కొమ్ముల్లాగా ముందుకు చాచుకుని ఉన్నాయి. వాటి మొదట్లో మోచేతులు ఆనించడానికి రెండు చిన్న గిన్నెలు. తొక్కేవాడు మోచేతులు ఆ గిన్నెల్లో పెట్టి, కొమ్ములు పట్టుకుని, వీపు పడక వేసినట్టుగా వంగాలి. అప్పుడు గాలి అడ్డం తగలకుండా మీదినుంచి పోతుందట. గేర్లు మార్చే మీటలు కొమ్ముల చివర్లలో. బ్రేకులు మాత్రం అక్కడ లేవు, అటూ ఇటూ ఉన్న పక్క హ్యాండిల్ మీద ఉన్నాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఈ రకం సైకిళ్లన్నిటికీ అట్లాగే వస్తుందట, మా మరిది పెట్టింది కాదు.

మా యారాలు, అంటే అతని భార్య, గుమ్మంలోనే నిలబడింది. "సీటుకు నడుమల సందు, హ్యాండిల్‌కు కొమ్ములు. దీన్ని ఏడ కడ్తవ్, పశువుల కొట్టంల కడ్తవా?" అంది.

"ఇంట్లనే కడ్త. నీ మంచం పక్కన."

"అయితె నేను వాకిట్ల పండుకుంట."

అతను ఒక చెంచా తెచ్చి సైకిల్ ఒంటిమీద మెల్లగా తట్టుకుంటూ పోయాడు, చెవి దగ్గర పెట్టి. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును గడ్డపారతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది, బొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. సైకిల్ మొత్తం అట్లా విని, "వదినె, మంచిగున్నది. ఏడ బొద్దు లేదు" అన్నాడు. కొత్త కోడలి గుణం చూసి చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడు మొదలైంది మార్చడం. హైదరాబాదులో ఆ సైకిల్ అమ్మిన దుకాణం ఆయన వీడియోలో చూసి, ఈ వయసుకు హ్యాండిల్ ఎత్తుగా ఉంచుకో, లేకపోతే మెడ పట్టేస్తుంది, పొట్ట నొక్కుకుంటుంది అని చెప్పాడు. మంచికే చెప్పాడు. కానీ ఎత్తు పెడితే మా మరిదికి నడుము నొచ్చింది. నిటారుగా ఉండడమే అతనికి నొప్పి. హ్యాండిల్ కింద ఉన్న ఉంగరాలు ఒక్కొక్కటే తీసి ముందు భాగాన్ని దించుకుంటూ పోయాడు. సీటు ముందుకు జరిపాడు. మార్చినప్పుడల్లా గోడకు ఆనించి ఎక్కి కూర్చుని, "వదినె, నా ఈపు చూడు, బల్ల తీరుగ ఉన్నదా?" అని అడిగేవాడు.

"ఉన్నది. మీద ఇస్తరేస్కొని తినొచ్చు."

"ఇంకింత దించన్నా?"

"దించు. తలకాయ చక్రంల పెట్టుకో, ఇంక మంచిగుంటది."

మెడ నొచ్చిందంటే జండూబామ్ రాసింది నేనే. గిన్నెల్లో మోచేతులు ఒరుసుకుపోయి పుండ్లు పడితే మెత్తలు కుట్టింది కూడా నేనే. ఈ కాలనీలో సగం బొంతలు నా చేతి కుట్టువే. మొదటి జత మరీ మెత్తగా వచ్చింది, చేతులు జారాయి. రెండో జతకు చెమట పట్టి వాసన వచ్చింది. చివరికి పాత కాటన్ చీర మడతలు పెట్టి, గొలుసుకుట్టు కాకుండా గళ్ల కుట్టు వేశాను. అతను మోచేతులు పెట్టి, కళ్లు మూసుకుని, "ఇగ గిప్పుడు ఇల్లు తీరుగ అయింది" అన్నాడు. మా ఇంట్లో నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే గుర్తు పెట్టుకునేదాన్ని. ఎక్కువసార్లు జరగలేదు కాబట్టి గుర్తున్నాయి.

మార్కెట్ దగ్గర సైకిల్ దుకాణం చాచా ఒక్కడే ఆ సైకిల్‌ను నమ్మినవాడు, అతను కూడా తిట్టుకుంటూనే. "అరె భాయ్, బ్రేకు గీడ, చెయ్యి గాడ. మధ్యల ఏమన్న అయితె ఖుదా చూసుకుంటడా?"

"చెయ్యి జల్ది వస్తది చాచా."

"ఎంత జల్ది?"

"చాయ్ పైసలకు నీ చెయ్యి జేబులకు పోయెదానికంటె జల్దే."

చాచా నవ్వి బ్రేకు తీగలు కొత్తవి వేశాడు. మా మరిది పోవడానికి వారం ముందు కూడా చాచానే చూసి బిగించాడు.

ఎవరైనా "ఎందుకే ఇన్ని మార్పులు, ఉన్నదాన్ని ఉన్నట్టు తొక్కరాదా" అంటే మా మరిది ఒకటే మాట అనేవాడు. "సైకిల్ నాకు సరిపోవాలె గని, నేను సైకిల్‌కు సరిపోవుడేంది? బాయిల అన్నిటికి నేనే సరిపోయిన. గిదొక్కటి నాకు సరిపోనియ్యి." అతని జీవితంలో అతని వంగిన నడుముకు తగ్గట్టు చేసిన వస్తువు అదొక్కటే. కుర్చీలు, మంచాలు, బస్సు సీట్లు అన్నీ నిటారు మనుషులవి.

ఒక్కసారి పోటీకి పోయాడు. నన్నూ తీసుకుపోయాడు. మా యారాలు రాలేదు. సైకిళ్లన్నీ ఇనుప కడ్డీకి వేలాడదీసి వరుసగా పెట్టారు. మా సైకిల్ మధ్యలో ఉంది, నా మెత్తలతో. నేను దాని ఎదురుగా కూర్చున్నాను. మనుషులు చెరువులోంచి వచ్చి, ఒక్కొక్కటే విప్పుకుని పోతున్నారు. వరుస ఖాళీ అయిపోతోంది. మా మరిది రాలేదు. ఈతకు పెట్టిన గడువు దాటిందని పడవవాళ్లు అతన్ని ఒడ్డుకు చేర్చారు. గడువు దాటినవాణ్ని సైకిల్ ఎక్కనివ్వరట. నేను ఆ పోటీ వాళ్లతో పోట్లాడాను, "ఈత తక్కువైతె సైకిల్ జర ఎక్కువ తొక్కుతడు బిడ్డా, ఎక్కనియ్యండ్రి" అని. మా మరిదే నా చెయ్యి పట్టి లాగాడు. తడి బట్టలతోనే సైకిల్ విప్పి నడిపించుకుంటూ వచ్చాడు. బస్సులో చొక్కా అంచు కిటికీ బయట పిండుకున్నాడు. తర్వాత, "వచ్చేసారికి ఈత నేర్సుకుంట వదినె. సైకిల్ తప్పేం లేదు గదా" అన్నాడు.

వచ్చేసారి లేదు. అంత చేసుకున్న సైకిల్ ఒక్క పోటీలోనూ రోడ్డెక్కలేదు.

ఇక నా కేసు. ఆ పొద్దున తెల్లారకముందే తల దించుకుని తొక్కాడా? తొక్కాడు. నేను దాచను. ఆ సైకిల్ తొక్కే తీరే అది. నేనే ఎన్నోసార్లు అడిగాను, ముందు ఏమున్నదో ఎట్ల కానొస్తది అని. "మాటిమాటికి కన్ను లేపి చూస్తనే ఉంట వదినె. కదిలే బండి సప్పుడు ఇనొస్తది. నిలబడ్డ బండికి ఎనుక ఎర్రదీపం ఉంటది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. బాయిలో అంతే. బొగ్గు టబ్బుల వరుస ఎక్కడ ఆగినా వెనక ఎర్రదీపం వేలాడదీయాలి. చీకట్లో మనిషి ప్రాణం ఆ దీపం మీదే. ఎంత చెడ్డవాడైనా అది మాత్రం మరిచిపోడు. భూమి కింద ఉన్న నియమం భూమి మీద కూడా ఉంటుందనుకున్నాడు మా మరిది. అదే అతను చేసిన తప్పు. బాయిలో బతికి బయటపడ్డ మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు.

ఆ పొద్దున పక్క క్వార్టర్ అతను నన్ను బండి మీద అక్కడికి తీసుకుపోయాడు. ఇంకా మసక పోలేదు. మా మరిదిని అప్పటికే దవాఖానకు తీసుకుపోయారు. బొగ్గు టిప్పర్ రోడ్డు మీదే ఆగి ఉంది. వెనకంతా నల్ల మట్టి. దీపాలు ఉండవలసిన చోట రెండు బొక్కలు, వాటిలోంచి తీగలు వేలాడుతున్నాయి. నేను వేళ్లు పెట్టి చూశాను. చూసింది నేను, పక్క క్వార్టర్ అతను. అతను కాంట్రాక్టర్ కింద పని చేస్తాడు. చిన్న పిల్లలున్నారు. నా ఒక్కదాని మాటే అనుకోండి.

మర్నాడు పోలీసులు మా యారాలిని పిలిపిస్తే, నేనూ చాచాను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాను. ఆవరణలో అదే టిప్పర్. వెనక రెండు ఎర్రదీపాలు, కొత్తవి, మీద అంటించిన కాగితం కూడా తీయలేదు.

"సార్, గీ దీపాలు నిన్న లేకుండె" అన్నాను.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "అవ్వా, నువ్వు పెద్దమనిషివి. కండ్లు సరిగ కానరావు. దీపాలు ఉన్నయ్ కదా, ఎదురుంగనే ఉన్నయ్."

చాచా అన్నాడు, "సాబ్, బండంత మట్టి ఉంది. లైట్లు రెండే స్నానం చేసి వచ్చినయా?"

"చాచా, నిన్ను సైకిల్ ముచ్చట అడుగుత, టిప్పర్ ముచ్చట కాదు. చెప్పు, గా సైకిల్‌కు మార్పులు చేసిండ్రా లేదా?"

చాచా అబద్ధం ఆడలేడు. "చేసినం సాబ్. బ్రేకులు మాత్రం బరాబర్ ఉండె."

"గంతే రాస్కుంటున్న. మార్పులు చేసిండ్రు."

నాకు ఒళ్లు మండింది. "మార్పులంటే ఏందో తెలుసా సార్? ముందర జర దించిండు, మెత్తలు పెట్టుకున్నడు. గా మెత్తలు కుట్టింది నేను. తప్పైతె నన్ను లోపలెయ్యి."

ఎవరో నవ్వారు. ఎస్సై నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. కాగితం మా యారాలి ముందు పెట్టాడు. అందులో ఉన్నది ఆమెకు చదివి వినిపించి, సంతకం పెడితే మనిషిని అప్పగిస్తామన్నారు. నేను ఆమె భుజం పట్టుకున్నాను. "చెల్లె, పెట్టకు. పెడితె మనోడే తప్పు చేసినట్టు అయితది" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "అక్కా, నిన్నటిసంది మనిషి దవాఖానల పండుకున్నడు. నాకు ఇంటికి తెచ్చుకోవాలె. దీపం ముచ్చట నాకెందుకు?" అంది. సంతకం పెట్టింది.

ఆమెను తిట్టలేను. ఆ స్థితిలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. నా వేలిముద్ర కూడా అడిగారు, సాక్షిగా. పిడికిలి బిగించాను. "ఇయ్య" అన్నాను.

"నువ్వియ్యకున్నా నడుస్తది అవ్వా" అన్నాడు ఎస్సై. నిజమే, నడిచింది.

తర్వాత యూనియన్ ఆఫీసుకు పోయాను. పోయినోడు తిరిగొస్తడా అక్కా అన్నారు. వకీలు దగ్గరికి పోయాను. భార్య సంతకం ఉన్నాక నీ మాటకు బలం లేదన్నాడు. టిప్పర్ ఎప్పుడో విడిపించుకుపోయారు, మళ్లీ బొగ్గు మోస్తోంది. సైకిల్ మాత్రం స్టేషన్ వెనక గోడకు ఆనించి ఉంది. ముందు చక్రం లేదు. కొమ్ములకు ఏమీ కాలేదు. కేసు పూర్తయ్యేదాకా ఇవ్వరట. పూర్తయినా మా యారాలు దాన్ని గడప లోపలికి రానివ్వనంటోంది.

నేను అప్పుడప్పుడు పోయి చూసి వస్తాను. మొదటిసారి పోయినప్పుడు ఆ కొమ్ముల మీద ఎవరో కానిస్టేబుల్ బనీను ఉతికి ఆరేశాడు. తీయమన్నాను. పాపం, తీశాడు. రెండోసారి పోయేసరికి మళ్లీ ఉంది. మళ్లీ తీయమన్నాను. మొన్న పోయినప్పుడు కూడా ఉంది. గోడ సందులోంచి గాలి విసురుగా కొడుతోంది. బనీనులో గాలి నిండి, కొమ్ముల మీద బోర్లా వంగిన వీపులా ఉబ్బింది. ఆ కానిస్టేబుల్ నన్ను చూసి, తీయడానికి లేచాడు.

ఉండనియ్యి బిడ్డా అన్నాను.