మీ అమ్మిని అడిగేరా?

పోయిన నెల మా ఆవిడ గుండెపోటుతో చనిపోయింది. ఉదయం బడికి తయారవుతూ కూలబడింది. రాయగడ ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. కబురు తెలియక ఆవిడ పాత విద్యార్థులు ఇంకా ఫోన్లు చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను రాయగడ దగ్గర డొరగుడ అల్యూమినా రిఫైనరీలో టెక్నీషియన్ని. ఆవిడ టౌన్‌షిప్ బడిలో కంప్యూటర్ టీచరు. శనివారాలు చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు వెళ్లి ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేది. బండి నేను నడిపేవాణ్ణి.

బిస్సమ్ కటక్ వైపు ఒక బడిలో విశ్వకర్మ పూజకి కంప్యూటర్లకు సిందూరం పెట్టి దండలు వేశారు. దండలు ఎండిపోయినా తీయలేదు. గదికి తాళం.

“పిల్లలు ముడితే పాడైపోతాయి మేడమ్” అన్నాడు హెడ్మాస్టరు.

“పూజ అందుకున్నాయి కదండీ, ఇక డ్యూటీకి రమ్మనండి” అంది మా ఆవిడ.

ఆయన నవ్వి తాళం తీశాడు.

నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఎంత ఆలస్యమైనా తను మౌస్ ముట్టేది కాదు. ఎందుకని అడిగాను. “నా సెయ్యి ముందుకెళ్తే ఆ అమ్మి సెయ్యి ఎనక్కెళ్లిపోద్ది” అంది. ఇంట్లో ఎప్పుడూ మా శ్రీకాకుళం మాటే, ఆడపిల్లని అమ్మి అనే అంటాం.

ఆ బడి పిల్ల ఒకతె ఈ వేసవిలో ప్లస్ టూ పాసైంది. కంప్యూటర్ సైన్సు చదవాలని ఆశ. తండ్రి రైల్వేలో ట్రాక్‌మన్, మావైపు మనిషే. నర్సింగులోనే చేర్పిస్తానని పట్టుబట్టాడు. మేమిద్దరం వాళ్ల క్వార్టరుకు వెళ్లాం.

“నర్సింగైతే ఏ ఊళ్లోనైనా ఉజ్జోగం దొరుకుద్ది మేడమ్. కంప్యూటరంటే ఏ బెంగులూరో పోవాల. ఆడపిల్ల” అన్నాడు.

“మీ అమ్మిని అడిగేరా?” అంది మా ఆవిడ.

“దాన్నడగడమేటి?”

“అదే, అడిగేరా అంటన్నాను.”

ఆయన గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. “ఏటే, నీకేటి కావాల?”

“నర్సింగొద్దు నాన్నా. రగతం సూస్తే నాకు కళ్లు తిరుగుతాయి.”

“మరిన్నాళ్లూ సెప్పలేదేటి?”

“నువ్వడిగేవేటి?”

వంటింట్లోంచి తల్లి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. “సూద్దాం” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ, “ఆ సూద్దాం ఎటు పోద్దో” అంది. ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ముందు తనే లేచేది. ఏ కబురూ వినకుండానే పోయింది.

పెద్దకర్మ నాడు తండ్రీకూతుళ్లు వచ్చారు. వాళ్లకు సంగతి తెలియదు. గేటు ముందు షామియానా చూసి ఆగిపోయారు. ఆయన చేతిలో మిఠాయి పొట్లం ఉంది. నేను ఎదురెళ్లి చెప్పాను. ఆయన పొట్లం గేటు పక్క గోడ మీద పెట్టాడు.

“గుణుపురంలో సీటొచ్చింది బాబూ. కంప్యూటర్లోనే సేర్పించేను. మేడమ్‌గారికి సెబుదామనొచ్చేం.”

“నాకు చెప్పండి” అన్నాను.

ఆయన కూతురి వైపు చూశాడు. “నువ్వు సెప్పమ్మి.”

ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. నా వైపు కాదు, మా ఆవిడ ఫొటో వైపు తిరిగింది. ఏ కాలేజీ, హాస్టల్లో ఏ గది, మొదటి క్లాసులో ఏం చెప్పారు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. తండ్రి గుమ్మం దగ్గరే నిలబడి, చివరిదాకా విన్నాడు.