మాలకొండయ్య బల్లకు నీళ్ళు పోసిన రోజు

కరోనా రెండోసారి వచ్చిపోయిన మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందు, కావలికి తూర్పున సముద్రం వైపున్న ఒక ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చింది. కావలిలో నాకు వడ్రంగి షాపు ఉంది. మా అన్నా నేనూ కలిసి పెట్టాం. అప్పటికి నేనొక్కణ్ణే నడుపుతున్నాను. గేట్లు, బల్లలు, పందిళ్ళు, ఇలా ఎండావానల్లో ఉండే చెక్కపని ఎక్కువగా చేస్తాను. ఫోన్ చేసిన పెంచలమ్మ తన పెరట్లో బల్లను ముళ్ళపంది కొరికేస్తోందని చెప్పింది.

ఆ బల్ల ఆమె భర్త మాలకొండయ్య తుమ్మచెక్కతో చేసుకున్నది. ఆయన ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. రెండో కరోనాలో నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. బల్ల కాళ్ళు నేలలో లోతుగా పాతి ఉన్నాయి. ఎత్తి లోపల పెట్టుకునే వీలు లేదు.

వాళ్ళ పెరట్లోకి వెళ్ళి వంగి చూశాను. కాళ్ళ అడుగున, కూర్చున్నవాళ్ళు చేతులు ఆనించుకునే బల్ల రెండు చేతుల మీద ఉలితో తీసినట్టు జంట చారలున్నాయి. కూర్చునే పలక మాత్రం బాగానే ఉంది. పెంచలమ్మ మరిది శీనయ్య నా వెనకే నిలబడ్డాడు.

"ఒక ఉచ్చు పెడితే కూరొండుకోవచ్చు భాయ్. మా వదిన ఒప్పుకోదు. నీకు పెట్టంలే, నువ్వు తినవు గదా."

"దాన్ని చంపితే ఫారెస్టోళ్ళు కేసు పెడతారు," అన్నాను.

"బల్ల తిన్నందుకు దాని మీద ఎవురూ కేసు పెట్టరే!"

ముళ్ళపంది ఇలాంటి చెక్క దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఉప్పు కోసం. అందుకే కాళ్ళకు ఏం పూస్తున్నారని అడిగాను.

"చెదలు పట్టకుండా ఉప్పునీళ్ళు పోస్తా ఉండా," అన్నాడు శీనయ్య. "మా అన్న పోయినకాడ్నించి మానలా. ఈడ అందరం చేసేది అదే గదా."

"అయితే దాన్ని విందుకు పిలిచింది నువ్వేనా అబ్బయా," అంది పెంచలమ్మ. ముగ్గురం నవ్వాం. తర్వాత ఆమే అడిగింది. "మరి చేతులకి పొయ్యలేదే ఆ నీళ్ళు?"

"అక్కడ ఎవరు చేతులు పెట్టేవారమ్మా?"

"ఆయనే. మడుల్నించి వచ్చి, కాళ్ళుగూడా కడుక్కోకుండా ఈడ కూలబడేవాడు. రెండు చేతులూ ఇట్టా పెట్టి." చూపించబోయి, చేతులు ఆపుకుంది. "అంటే అది తింటా ఉండేది ఆయన చెమటా అన్నా?"

"చెమటా, మడుల ఉప్పూ. చెక్కలోకి ఇంకి ఉంటుందమ్మా."

చేయాల్సిన పని చెప్పాను. కాళ్ళకు ఉప్పునీళ్ళు మానేసి జీఐ షీట్, అంటే తుప్పు పట్టకుండా జింకు పూసిన రేకు, చుట్టాలి. చేతులను మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడిగి, ఆరాక సీలర్ కొట్టాలి. చెక్క రంధ్రాలను మూసే పూత అది.

"కడక్కుండా పూత వేస్తే?"

"లోపల ఉప్పుంటే పూత నిలవదమ్మా. పొరలుగా లేస్తుంది. అది మళ్ళీ వస్తుంది."

"ఆయన్ది ఇదొక్కటే మిగిలింది. దీన్నిగూడా కడిగేయమంటావా?"

కడక్కపోతే వానల నాటికి అసలు చేతులే ఉండవని చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు చెక్కలూ ఊడదీసి ఇస్తాను, ఇంట్లో దాచుకోండి, కొత్తవి బిగిస్తాను అని కూడా అన్నాను.

"చేతులు నరికి ఇంట్లో పెట్టుకోమంటావా?" అంది. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆమె చాలాసేపు బల్ల పక్కన నేల మీద కూర్చుంది. నేను రేకు కత్తిరించుకుంటున్నాను. చివరికి నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఆయనకి నీళ్ళు పొయ్యనియ్యలేదన్నా. మూటగట్టి ఆడ్నించే తీసకపొయినారు. మొహంగూడా చూపించలా."

మా ముస్లింలలోనూ చనిపోయినవారికి ఆఖరి స్నానం చేయిస్తాం. గుస్ల్ అంటాం. ఆ రెండో కరోనాలోనే మా అన్న కూడా పోయాడు. ఆయనకూ అది దక్కలేదు. ఆమెతో ఆ మాట అనలేదు. అది ఆమె ఇల్లు, ఆమె దుఃఖం.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలో నానిన శీకాయపొడి తెచ్చింది. శీకాయ వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. నీళ్ళు ఎక్కువ పోస్తే అదీ పోతుంది.

"నువ్వు పొయ్యి అబ్బయా. నేను రుద్దతా."

శీనయ్య చెంబుతో పోశాడు. ఆమె కుడివైపు నుంచి మొదలుపెట్టింది. పళ్ళ గాట్లలో వేలు పెట్టి మెల్లగా రుద్దింది. నీళ్ళు అయిపోతే శీనయ్యే వెళ్ళి తెచ్చాడు. బల్లను తుడవడానికి షాపు గుడ్డ అందించబోయాను. ఆమె తీసుకోలేదు. దండెం మీది తెల్ల తువ్వాలు తెచ్చి తుడిచింది.

చెక్క పూర్తిగా ఆరాక మళ్ళీ వెళ్ళి సీలర్ కొట్టి వచ్చాను. ముళ్ళపంది మళ్ళీ పళ్ళు పెట్టలేదని శీనయ్య ఫోన్‌లో చెప్పాడు. పెంచలమ్మ సాయంత్రాలు బల్ల మీదే కూర్చుంటోందట.

పూత వేసే ముందు కడగడం మా పనిలో అన్నిటికన్నా చిన్న పని. అది ఎవరు చేసినా ఒకటే అనుకునేవాణ్ణి. ఇప్పుడు పాత సామాను బాగుచేయడానికి వెళ్తే, అది ఎవరిదో ముందు అడుగుతాను. పోయినవారిది అయితే కడగడం ఇంటివాళ్ళకు వదిలి పక్కకు వెళ్తాను.

మా అన్న చెక్క నునుపు చేసే చిత్రిక షాపులో గోడకు తగిలించి ఉంది. ఆయన చెమటకు దాని పిడి నల్లబడింది. దాన్ని నేనింకా కడగలేదు. షాపు బజారు మధ్యలో ఉంది. అక్కడికి ముళ్ళపందులు రావు.