తక్కెడకు పిట్టలను పిలిచిన పెదనాన్న

సిరొంచ పట్టణం ఒక మహాపురుషుణ్ణి కోల్పోయింది. ప్రాణహిత పారినంత కాలం గానం చేయదగిన ఆ విహంగప్రియుని దివ్యగాథను వినిపించబోతున్నాను అని మొదలుపెడదామనుకున్నాను. కానీ చదివేవాళ్లలో సగం మంది ఆయన దగ్గర పప్పు, నూనె కొన్నవాళ్లే. కాబట్టి ఉన్నదే చెప్తాను. మా పెదనాన్న రాజమల్లు పోయిన వారం పొద్దున పెరట్లో కుర్చీలో కూర్చుని, కెమెరా ఒళ్లో పెట్టుకుని కన్నుమూశారు. పిట్ట కోసం కదలకుండా కూర్చోవడం ఆయనకు అలవాటే గనుక, చాయ్ చల్లారేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. కాసేపే. ఆ తర్వాత నన్ను కుర్చీలు తెమ్మని పంపారు.

కిరాణా దుకాణాన్ని తమ్ముడికి, అంటే మా నాన్నకు, అప్పజెప్పాక పెదనాన్న మూలపడ్డ ఇత్తడి తక్కెడను తెచ్చి పెరటి జామచెట్టుకు వేలాడదీశారు. ఒక పళ్లెంలో నూకలు, ఇంకో పళ్లెంలో నీళ్లు. పిచ్చుక వాలగానే నూకల పళ్లెం కిందికి దిగేది, పిచ్చుక పైకి లేచేది, నీళ్లు ఒలికేవి. ఆయన తీసిన ఛాయాచిత్రాల్లో అధికభాగం ఖాళీ పళ్లెం, ఆ పక్కన ఒక తోక.

"పెద్దనాయినా, ఆ కాడను జర తాడుతోని కట్టరాదు? పిట్ట నిలుస్తది" అన్నాను.

"తక్కెడ కాడను కట్టేస్తే ఏమంటర్రా?"

"ఏమంటరు?"

"దొంగ తూకం అంటరు."

"పిట్టకేం ఎరుక?"

"నాకెరుక గద."

సత్యసంధత అంటే అదే. ఫొటో మాత్రం రాలేదు.

సర్వప్రాణికోటి పట్ల ఆయన కరుణ కాకి దగ్గర ఆగిపోయేది. కాకి వాలితే తక్కెడ ఒరిగిపోయి నూకలన్నీ నేలపాలయ్యేవి. ఆయన తలకు ఆకుపచ్చ తువ్వాల చుట్టుకుని "నీ తాత జాగీరా ఇది?" అంటూ ఉరికేవారు. మా వీధి కాకులకు ఆ తువ్వాల బాగా తెలుసు. పటం కట్టించడానికి ఫొటో వెతికితే లెక్కలేనన్ని తోకలు దొరికాయి గానీ, ఆయనది ఒక్కటే దొరికింది. తువ్వాల చుట్టుకుని కాకిని గదమాయిస్తుండగా నేను తీసింది.

మూడోనాడు నది ఒడ్డున పిట్టకు పెట్టాము. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి, కాకి ముట్టేదాకా ఎవరూ తినకుండా ఎదురుచూడటం మా పద్ధతి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, పప్పు, గారెలు, చాయ్ పెట్టి పక్కనే పటం నిలబెట్టాము. కాకులు వచ్చాయి. దూరంగా ఇసుక మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దగ్గరికి రాలేదు.

"దుకాణం మంచిగ చూసుకుంట అన్నా" అన్నాడు నాన్న. కాకులు కదల్లేదు.

"అక్కకు ఏ లోటు రానియ్యం బావా" అంది అమ్మ. అవి ముక్కులు గోక్కున్నాయి.

ఎండ నడినెత్తికొచ్చింది. "నాతోని ఏం తప్పైందో. ఏం కోరిక మిగిలిందో ఒక్క మాటన్న చెప్పకపాయె" అని పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాకులను చూసింది. పటాన్ని చూసింది. ఉన్నట్టుండి లేచింది.

"కోరిక లేదు, ఏం లేదు. ఈయనను ముందల కూసోబెట్టి కాకి రావాలంటే ఎట్లొస్తది?"

వెళ్లి పటం ముందు కూర్చుంది. అద్దం మీది ఇసుకను కొంగుతో తుడిచి, పటాన్ని నది వైపు తిప్పింది. "ఇగ చాలు. జర అటు దిక్కు చూడు. తిననియ్యి వాటిని."

కొంతసేపటికి ఒక కాకి గెంతుకుంటూ వచ్చి గారె ఎత్తుకుపోయింది. ఆ మూడు రోజుల్లో పెద్దమ్మ గట్టిగా ఏడ్చింది అప్పుడే. మేము అన్నాలకు లేచాము.

ఆయన లేని లోటు పూడ్చరానిదని రాయడం ఆనవాయితీ. నిన్న పొద్దున ఆయన కుర్చీలో, ఆయన కెమెరాతో నేనూ కూర్చున్నాను. నాకూ తోకే వచ్చింది. తాడు దగ్గరే ఉంది, కాడను మాత్రం కట్టలేదు. పటాన్ని ముందు గదిలో పెడదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. వెనక వరండాలో తక్కెడకు ఎదురుగా తగిలించింది. పిచ్చుకలు, గోరింకలు వస్తున్నాయి. కాకులు రావడం లేదు. ఆ పుణ్యమూర్తికి నా నమస్సులు.

అటువైపు వాన జల్లు కొడుతుంది గనుక పటానికి పాలిథిన్ కవరు తొడిగాము.