సాయంత్రం వంతు

మా నాయనది పొద్దున వంతు, మా ఊరి బడి అయ్యోరిది సాయంత్రం వంతు. నన్నూ, ఆ అయ్యోరి కూతురినీ ఆత్మకూరు కాన్వెంటుకు తీసుకుపోయేది మా నాయన, ఇంటికి తీసుకొచ్చేది వాళ్ల నాయన. తొంభైల మొదట్లో మాట. మా ఊరు ఆత్మకూరు దాటినాక మర్రిపాడు రోడ్డు మీద, మూడు కిలోమీటర్ల దూరంలో ఉండాది. ఒక బస్సు బడి తెరవకముందే పోయేది, ఇంకోటి వచ్చేసరికి బళ్లో ప్రార్థన అయిపోయేది. రోడ్డంతా లారీలు. తొమ్మిదేళ్ల ఆడపిల్లలను ఆ రోడ్డున నడిపించే ధైర్యం రెండిళ్లలోనూ లేదు.

మొదట్లో వంతులు ఇట్లా లేవు. ఒక వారం రెండు పూటలా మా నాయన, ఇంకో వారం రెండు పూటలా అయ్యోరు. ఒక సాయంత్రం మా నాయన సారా తాగి వచ్చి మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. ఎదురుగా లారీ వస్తా ఉంటే టీవీఎస్ బండిని రోడ్డు కిందికి దించేసినాడు. దెబ్బలేమీ తగల్లేదు, కంప తగిలి అయ్యోరి కూతురి గౌను చినిగింది, అంతే. మరుసటి వారం అయ్యోరి భార్య మా ఇంటికి వచ్చింది. "ఆయనకు రోజూ సాయంత్రం ఆత్మకూరులో పనుంటాదంట అక్కా. వచ్చేటప్పుడు పిల్లలను ఆయనే తెస్తాడులే. అన్నను పొద్దున మాత్రం చూసుకోమను" అనింది. ఆయనకు ఆత్మకూరులో ఏ పనీ లేదని మా అమ్మకు తెలుసు. మా అమ్మకు తెలుసునని ఆమెకూ తెలుసు. మా అమ్మ సరేలేమ్మా అని ఆమెకు కాఫీ కలిపి ఇచ్చింది.

అయ్యోరు చెడ్డవాడు కాదు, ఆమె కూడా చెడ్డది కాదు. అదే నాకు ఒళ్లు మండేది. ఎవరైనా చెడ్డవాళ్లుంటే తిట్టుకుని ఊరుకుందును.

మా నాయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కరెంటు సరిగా రాక మా మెట్ట ఊళ్లలో మోటార్లు ఊరికే కాలిపోయేవి. ఆయనది మంచి చెయ్యి, ఆ మాట అందరూ అనేవాళ్లు. అని ఆగిపోయేవాళ్లు. మోటారు తిరిగి నీళ్లు పడితే రైతు సంతోషం పట్టలేక సారా ప్యాకెట్టు తెచ్చి ఆయన ముందర పెట్టేవాడు. బాప్టిస్టుల ఇల్లు మాది, మా తాత చర్చిలో సంఘపెద్దగా ఉండి పోయినాడు. ఆయన కొడుకు మాత్రం ఆదివారం అన్నిటికన్నా వెనక బెంచీలో కూర్చుని, ఆఖరి పాట ముగియకముందే లేచి పోయేవాడు.

అయితే ఒకటి. పొద్దున మమ్మల్ని బడి కాడ దింపి వచ్చేదాకా చుక్క ముట్టేవాడు కాదు. ఎంత తాగి పడుకున్నా తెల్లారి లేచి, తల దువ్వుకుని, బండి సీటు తడిగుడ్డతో తుడిచి, "రాండమ్మా" అని పిలిచేవాడు. మా అమ్మ దాన్ని పట్టుకునే బతికేది. "సాయంత్రం వంతు కూడా ఈయనకు వచ్చిందనుకో, బడి వదిలేదాకా ముట్టడు. పగలంతా మనిషి మనకు దక్కినట్టే" అనేది నాతో. నాయనకూ ఆ ఆశ ఉండేది. "అయ్యోరికి రోజూ శ్రమ గదా, వారంలో రెండు రోజులు నేను పోతా" అనేవాడు. "పొయ్యి అడుగు మరి" అంటే మోటారు ముందర కూర్చుని తీగ చుట్టుకునేవాడు.

అడిగింది మా అమ్మే. వింజమూరులో అయ్యోరి తల్లికి పక్షవాతం వచ్చిందని కబురు వస్తే ఆయన తెల్లారుజామునే బస్సెక్కి పోయినాడు. ఆ పొద్దు సాయంత్రం పిల్లలను ఎవరు తెస్తారు? మా అమ్మ వాళ్లింటికి పొయ్యి, "ఈ ఒక్క పూట మా ఆయనకు ఇయ్యమ్మా, నేను కనిపెట్టుకుని ఉంటా" అని బతిమాలింది. అయ్యోరి భార్య కాదనలేక ఊ అనింది. అని, కూతురిని లోపలికి పిలిచి, "మామ తేడాగా కనపడితే బండి ఎక్కొద్దు" అని చెప్పి పంపింది. అది తల్లి చెప్పాల్సిన మాటే.

మేము బడికి పోయినాక ఆ పగలు ఎట్లా గడిచిందో మా అమ్మ తర్వాత నాకు చెప్పింది. ఆమె పనికి పోకుండా నాయన వైండింగ్ షాపు గడప మీదే కూర్చునింది. మధ్యాహ్నం ఒక రైతు ప్యాకెట్టు తెస్తే, "ఈపొద్దు వద్దులే అన్నా, తీసకపో" అని పంపేసింది. నాయన నవ్వినాడంట. రెండు దాటినాక ఆయనకు చెమటలు పట్టినాయి. తీగ చుట్టలేక పక్కన పెట్టినాడు. అన్నం సయించలేదు. అయినా గడ్డం గీసుకుని, చర్చికి తొడిగే తెల్లచొక్కా తొడుక్కుని బయలుదేరినాడు. ఎప్పుడూ వాసన తెలియకుండా వక్కపొడి వేసుకునేవాడు. ఆ పొద్దు అది కూడా వేసుకోలేదు, ఎవరూ అనుమానపడకూడదని.

గంట కొట్టకముందే గేటు కాడ అందరికన్నా ముందు నిలబడి ఉండాడు. కిటికీలోంచి చూసి నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ తెల్లచొక్కాలో మా నాయన హెడ్మాస్టరు మాదిరి కనపడినాడు నాకు. పరిగెత్తుకుంటా పొయ్యి బండి ముందర నిలబడినాను. అయ్యోరి కూతురు నా వెనకే వచ్చి ఆగిపోయింది. అది ఆయన చేతులు చూస్తా ఉండాది. హ్యాండిల్ మీద రెండు చేతులూ వణుకుతా ఉండాయి. మొహమంతా చెమట.

రోజూ తాగేవాడు ఒక్కసారిగా తాగకుండా ఉంటే చేతులు అట్లా వణుకుతాయని నాకు నర్సు చదువులో గానీ తెలియలేదు. అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మా ఊళ్లో వణికే చేతులంటే తాగిన చేతులే.

"ఎక్కు తల్లీ" అన్నాడు నాయన.

అది తల అడ్డంగా ఊపింది. "అమ్మ ఎక్కొద్దనింది మామా" అనింది, దాదాపు వినపడకుండా.

పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన నాయనలు చుట్టూ సైకిళ్లు, స్కూటర్లు పట్టుకుని నిలబడి ఉండారు. అందరూ మా పక్కే చూస్తా ఉండారు. మా నాయన బండికి స్టాండు వేసినాడు. ఆ పిల్ల ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోరు తెరిచి, "తాగలేదమ్మా ఈపొద్దు. వాసన చూడు, నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

తొమ్మిదేళ్ల పిల్ల ముందర. తెల్లచొక్కా వేసుకుని. నేను బతికినన్నాళ్లలో అంతకన్నా ఘోరం చూడలేదు, మా నాయనను పెట్టెలో పెట్టినప్పుడు కూడా.

అది వాసన చూసింది. "రాలేదు" అనింది. మళ్లీ ఆయన చేతుల పక్క చూసి ఏడుపు ఎత్తుకునింది. నాయన లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుని, "సరేలే తల్లీ, నడుద్దాం పదండి" అన్నాడు. మా సంచులు రెండూ బండికి తగిలించి, బండిని తోసుకుంటా నడిచినాడు. మమ్మల్ని రోడ్డు దిగువన నడిపించి, తాను లారీల పక్కన నడిచినాడు. ఒక తెలిసినాయన సైకిలు మీద పోతా, "ఏంరా, బండి నిన్ను మొయ్యలేకపోతుండాదా, ఈపొద్దు గట్టిగానే పట్టించినావే" అని నవ్వినాడు. మామూలుగా అయితే మా నాయన నాలుగు తిట్టేవాడు. ఆ పొద్దు తల ఎత్తలేదు. సగం దారిలో కల్వర్టు మీద కూర్చుని కక్కుకున్నాడు. చొక్కా మీద కూడా పడింది. "ఏమైంది నాయనా" అంటే "ఎండమ్మా" అన్నాడు. ఎండ అప్పటికే తగ్గిపోయింది.

ఊరి మొదట్లోనే ఇద్దరు తల్లులూ నిలబడి ఉండారు. వాళ్లకు కనపడింది ఏంది? తోసుకొస్తున్న బండి, ఏడుస్తున్న పిల్ల, చొక్కా మీద కక్కుకుని ఒళ్లంతా వణుకుతున్న మనిషి. "మామ తాగలేదమ్మా, నేను వాసన చూసినా" అనింది ఆ పిల్ల. నిజంగా అనింది, దాన్ని నేను ఏమీ అనను. వాళ్లమ్మ "నీకేం తెలుసులేవే" అని సంచి తీసుకుని, మా అమ్మతో, "పోనీలే అక్కా, క్షేమంగా చేరినారు, అదే చాలు" అని వెళ్లిపోయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లేనంటారు. ఆమెను అనుకుని ఏం లాభం.

మా అమ్మ ఉండాది గదా, పొద్దుటినుంచి గడప మీద కాపలా కూర్చున్న మనిషి. ఆమె నమ్మితే చాలుగదా. ఆమె ఆయనను కిందినుంచి పైకి చూసి, "దారిలో యాడ ఆగినావు?" అని అడిగింది.

నాయన బండి అక్కడే వదిలేసి షాపు పక్కకు పోయినాడు. "యాడా ఆగలేదమ్మా, యాడా ఆగలేదు" అని నేను అమ్మ చీర పట్టుకుని గుంజినాను, గేటు కాడినుంచి జరిగిందంతా చెప్పినాను. ఆమె నెత్తి కొట్టుకుని షాపుకు పరిగెత్తింది. అప్పటికే మా నాయన తాగుతా ఉండాడు.

అయ్యోరు వింజమూరు నుంచి తిరిగి వచ్చినాక మా ఇంటికి వచ్చి, ఎంతో మర్యాదగా, "ఇకమీద రెండు పూటలా నేనే చూసుకుంటా, నీకెందుకు శ్రమ" అన్నాడు. నాయన "మంచిది సార్" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయింది. పొద్దున తాగకుండా ఉండడానికి ఆయనకు ఉండిన పని అది ఒక్కటే. అది పోయినాక తెల్లారగానే మొదలుపెట్టేవాడు. నేను అయ్యోరి స్కూటరు మీద పోతా చూసేదాన్ని. షాపు ముందర కూర్చుని, చెయ్యి ఎత్తి ఊపేవాడు. నేను కూడా ఊపేదాన్ని. రెండో వానాకాలం దాకా కూడా బతకలేదు.

మా పక్క ఆడోళ్లంతా ఏకమై సారా కొట్లు మూయించినప్పుడు మా అమ్మ కూడా పోయింది, చీపురు పట్టుకుని అందరికన్నా ముందర. అయ్యోరి భార్యా పోయింది. కొట్టు ముందర ఎండలో కూర్చుని ఉన్నప్పుడు ఆమె మా అమ్మ చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు అన్న తాగలేదంట గదా అక్కా. మా పాప ఇప్పటికీ చెప్తాది" అనింది.

"తాగలేదమ్మా" అనింది మా అమ్మ.

ఆ ఒక్క మాట వినాలనే ఆయన మోకాళ్ల మీద కూర్చునింది. ఇద్దరూ నమ్మేసరికి ఆయన సమాధుల దొడ్లో ఉండాడు.