కంపకు అవతలి వైపు

పెద్దమ్మ పోయిన సంగతి నాకు మస్తాన్ చెప్పాడు. ఉదయగిరి బాట పక్కన కంకర కొడుతున్నాను. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వచ్చి ఎదుట నిలబడ్డాడు. రెండేళ్ల తరవాత వాడి మొహం చూడటం అదే.

"పెద్దమ్మ పోయిందిరా. నీకు చెప్పి రమ్మని పెదనాయన పంపినాడు. నాకైతే చెప్పబుద్ధి కాలా."

అంతే. మంచినీళ్లయినా అడక్కుండా వెనక్కి తిరిగాడు. నేను సమ్మెట కింద పెట్టలేదు. ఎదుట ఉన్న రాయి పిండి అయ్యేదాకా కొట్టాను. నా కోపం ఎప్పుడూ అంతే, ఏది ఎదురుగా ఉంటే దాని మీద పడుతుంది. పెద్దమ్మ మంచితనం గురించి చెప్పడానికి నాకంటే తగినవాళ్లు పాతికమంది ఉన్నారు. వాళ్లకు రాయడం రాదు. నాకు వచ్చు కాబట్టి, నేను చేసింది కూడా నేనే రాయాలి.

ఆమె నాకు చుట్టం కాదు. పెన్నేటి ఇసుకలో మాకందరికీ పెద్దమ్మే. ఆత్మకూరుకు దక్షిణాన పెన్న పాయలు సన్నబడగానే, ప్రతి ఏడూ ఆమె, పెదనాయన, ఇద్దరు కొడుకులు, కోడళ్లు కలిసి ఏటి నడుమ తాటాకు గుడిసెలు వేసేవాళ్లు. ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట ఊళ్ల నుంచి పది పన్నెండు కుటుంబాలు దిగి వచ్చేవి. ఇసుకలో గుంటలు తీసి, పేడ ఎరువు వేసి, పుచ్చ, దోస పెట్టేవాళ్లం. ఏరు మళ్లీ వచ్చేదాకా అదే మా ఊరు. ఎవరి గుడిసె ఎక్కడో, ఎవరి పాదులు ఎంతవరకో పెద్దమ్మ చెప్పిందే మాట. ఎవరి కుండలో ఏం ఉడికినా పక్క గుడిసెకు ఒక గరిటె వెళ్లాల్సిందే.

మస్తాన్ వాళ్లు ఆత్మకూరు దూదేకులవాళ్లు. దూది పని సన్నగిల్లితే వాళ్లూ ఇసుకలోకి వచ్చేవాళ్లు. వాడూ నేనూ ఒక ఈడు. వాడు వీధిబడికి ఒక్క ఏడు వెళ్లాడు. నాకు అదీ లేదు. వాడికి వచ్చిన అక్షరాలు వాడు ఇసుకలో వేలితో రాస్తే వాటి మీద నేను దిద్దేవాణ్ణి. నెత్తిన కుండతో వస్తూ పెద్దమ్మ ఆ అక్షరాలు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లేది.

"తొక్కితే ఏం పోద్ది పెద్దమ్మా, మళ్లీ రాస్తాం," అన్నాడు ఒకసారి మస్తాన్.

"ఏందిరా అక్కడ ఉండేది?"

"అమ్మ అని ఉండాది."

"మరి తొక్కమంటావేందిరా సన్నాసీ! నన్ను నేనే తొక్కుకోనా?"

తాగే నీళ్లకు ఇసుకలో చెలమ తీసుకోవాలి. తడి తగిలేదాకా తవ్వి ఆపాలి. మొదట ఊరిన బురదనీళ్లు పారబోయాలి. ఆ తరవాత కూర్చోవాలి. నాకు ఆ కూర్చోవడమే చేతకాదు. ఇంకాస్త లోతు చేస్తే ఇంకాస్త వస్తాయని అడుగు పెళ్లగించేవాణ్ణి. పక్కలు జారి అంతా పూడిపోయేది.

"ఊరనీరా," అనేది పెద్దమ్మ. "నీ తొందర నీళ్లకేం తెలుసు?"

ఊళ్లో బావి దగ్గర ఎవరు ఎంత దూరంలో నిలబడాలో హద్దులుండేవి. ఇక్కడ అందరికీ ఒకటే చెలమ. కొత్తగా వచ్చిన ఒకాయన దానికి మొహం ముడుచుకుంటే, "ఇసకలో గట్లు నిలవవు నాయనా. నువ్వు వేసుకుంటానంటే వేసుకో, పొద్దున్నే వచ్చి చూస్తా," అంది. ఆయన ఆ సాయంత్రమే ఆ నీళ్లు తాగాడు.

తరవాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. ఏరు రాలేదు. అయినా ఇసుక కింద ఏదో ఒక తడి ఉండకపోదని అందరం పెన్నకే దిగాం. చెలమ నిలువెత్తు లోతైంది. గుడిసెకు ఉదయం రెండు కుండలు, సాయంత్రం రెండు. పాదులకు చుక్క కూడా లేదు. నా పుచ్చతీగ కళ్లముందే వడిలిపోయింది. ఒక్క కుండ ఇమ్మని అడిగాను.

"మనిషి తరవాతేరా మొక్క," అంది.

అది మనసులో పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే, తెల్లారగానే ఆమె ఒక్కతే సొరబుర్ర పట్టుకుని ఏటి మలుపు వైపు వెళ్లడం చూశాను. మర్నాడూ వెళ్లింది. ఆ మర్నాడు ఆమె తిరిగి వచ్చాక నేను వెళ్లి చూశాను. మలుపు దగ్గర తుమ్మకంప కుప్పగా వేసి ఉంది. ఒక కొమ్మ ఎత్తితే లోపల చెలమ. నీళ్లు తేటగా ఉన్నాయి.

ఆమెను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. రాత్రంతా పళ్లు నూరుకుని, మర్నాడు ఆమె అటు వెళ్లగానే గుడిసె గుడిసెకూ తిరిగి అరిచాను.

"రండి, చూడండి! మన గొంతులు ఎండగట్టి పెద్దమ్మ సొంతానికి దాచుకున్న చెలమ చూద్దురుగాని రండి!"

మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, ఆమెను అడిగినావా?"

"దొంగను అడిగేదేందిరా?"

ఆమె వినే ఉంటుంది. అరుస్తూనే మలుపు తిరిగాం. చెలమ పక్కన కూర్చుని ఉంది. నేను మా వైపున్న కంపను ఈడ్చి పారేసి, అందరూ చూస్తుండగా చెలమ ఒడ్డును కాలితో తన్నాను. ఒక్క తన్ను చాలింది. ఇసుక జారి నీళ్లను కప్పేసింది.

"కూలిందిరా," అంది పెద్దమ్మ. తిట్టలేదు. నా వైపు చూడలేదు. చేతులతో ఇసుక ఎత్తిపోయడం మొదలుపెట్టింది.

అప్పుడు అవతలి నుంచి మూలుగు వినిపించింది. కంపకు అవతలి వైపు, సీతారామపురం నుంచి దిగి వచ్చే దారికి ఎదురుగా, మనిషి పట్టేంత సందు వదిలి ఉంది. గట్టు నీడలో ఒక మగమనిషి పడి ఉన్నాడు. పక్కన అతని భార్య. కరువుకు ఊరు విడిచి నడిచి వచ్చినవాళ్లు.

"వాంతిభేది," అన్నారెవరో.

"దోవన పోయే బిడ్డలు," అంది పెద్దమ్మ తల ఎత్తకుండానే. "రోజూ వస్తానే ఉండారు. మీకు చెబితే కర్రలు తీస్తారని చెప్పలా. మన చెలమ కాడికి రాకుండా ఈడనే పోస్తన్నా."

మధ్యాహ్నానికి గుడిసెలు ఖాళీ అయ్యాయి. అంటురోగం భయం అటువంటిది. నేనూ మూట కట్టాను. చెలమ తన్నినందుకు కోపం అని చెప్పుకోవచ్చు. మూట కట్టినందుకు ఏం చెప్పుకోను? మస్తాన్ మాత్రం మోకాళ్ల మీద కూర్చుని ఆమెతో పాటు ఇసుక తోడుతున్నాడు. రమ్మని పిలిచాను. తల ఎత్తలేదు.

ఆ తరవాత పెన్నలో ఆ గుడిసెలు లేవలేదు. పెద్దమ్మ ఆత్మకూరులోనే ఉందని తెలుసు. కంకర బండి వెంట ఆ ఊరి మీదుగా పోతూ ఆమె వీధి మొదటిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఒకసారి కాదు. రాళ్లు పగలగొట్టే మొనగాణ్ణి, ఒక ముసలామె గుమ్మం ముందు నిలబడలేకపోయాను.

పెద్దమ్మ పెద్దదినం కర్మ పెన్న ఇసుకలోనే పెట్టారు. పాత గుడిసెల వాళ్లందరూ వచ్చారు. ఒకరి బిడ్డల్ని ఒకరు ఎత్తుకుంటున్నారు. "ఏమ్మే, నీ దోసకాయ పచ్చడి తిని రెండేండ్లాయె," అని ఒకామె నవ్వి, నవ్వినందుకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను దూరంగా నిలబడ్డాను.

"ఎవురురా అది, కొంగ మాదిరి నిలబడుండాడు?" అన్నాడు పెదనాయన. "కంకరోడేనా? ఇంతమందికి నీళ్లు మీ అబ్బ పోస్తాడా? పార తీసుకో, చెలమ తియ్యి."

"యాడ తియ్యమంటావు పెదనాయనా?"

"నీకు తెలవదా?"

మలుపు దగ్గర తీశాను. తడి తగలగానే ఆపాను. మొదటి నీళ్లు పారబోశాను. కూర్చున్నాను. దారి వైపు నుంచి ఒకామె ఖాళీ కడవతో వచ్చి ఎదుట కూర్చుంది. వాళ్లది సీతారామపురమట.

"పెద్దమ్మ చేతి నీళ్లతో బతికినా," అంది. "మా ఆయన ఆ పొద్దే పోయినాడు. నువ్వు ఆమెకు ఏమైతావు నాయనా?"

చుట్టాన్నని చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ పొద్దు చెలమ తన్నింది నేనే," అన్నాను.

తిడితే బాగుండేది. ఆమె కడవ ఇసుకలో కుదురుగా పెట్టుకుంది.

"ఊరనీ," అంది.

మస్తాన్ తుమ్మకంప మోపు తెచ్చి నా పక్కన పడేశాడు. గొడ్లు దిగకుండా చుట్టూ వేయాలి. మూడు వైపులా వేశాను. చివరి కొమ్మ చేతిలో ఉంది.

"అటు మూయబాకరా," అన్నాడు వాడు.

"తెలుసు."

కొమ్మ చేత్తో పట్టుకునే చుట్టూ నడిచి దారి వైపుకు వెళ్లాను. రెండేళ్ల కిందట వెళ్లని వైపు. అక్కణ్ణుంచి చూస్తే ముళ్లు అడ్డం లేవు. దారి నేరుగా చెలమ దాకా వస్తోంది. అడుగున ఇసుక నల్లబడి, దాని మీద నీళ్లు చప్పుడు లేకుండా పైకి వస్తున్నాయి.