మా అత్త కట్టని కుంట

మా మేనత్త తన చేతులతో కట్టిన కుంట పక్కన ఇప్పుడొక రేకు బోర్డు ఉంది. "ప్రకృతి సిద్ధమైన నీటి కుంట. పూడ్చరాదు. రాళ్లు కదపరాదు" అని దాని మీద రాసి ఉంది. ఆ బోర్డు పాతడానికి వచ్చినవాడు గునపం మరిచిపోయి వస్తే, అత్తే తన గునపం తెచ్చి ఇచ్చింది. ఆ కుంటను తవ్వింది ఆ గునపంతోనే. వాడు పని ముగించుకుని, దానికంటిన మట్టి కూడా తుడవకుండా గోడకు ఆనించి పోయాడు.

అత్త లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా నిలబడే పని, రోజంతా ఆవిరి మొహాన కొట్టే పని. ముంజేతుల మీద కాలిన మచ్చలు, సాయంత్రానికి వాచిన పాదాలు. పెళ్లి నిలవలేదు కాబట్టి మా పెదనాన్న ఇంటి వెనక గదిలో ఉంటుంది. ఇల్లు తనదని ఎవరూ అడక్కపోయినా ఆయన గుర్తు చేస్తుంటాడు.

"పొద్దున్న నేను చొక్కా మడత పెడతానా, సాయంత్రానికి ఎవడో దాన్ని బస్సులో నలిపేస్తాడు. మళ్లీ నా దగ్గరికే వస్తుంది. ఇన్నేళ్లలో నేను చేసిన పని ఒక్కటైనా నిలబడిందా అల్లుడూ?" అని ఒకసారి నన్నడిగింది. నేనేదో పుస్తకంలో చదివిన మాట చెప్పబోయాను. వినలేదు. వెనక గుమ్మం ముందు చిన్న కుంట కట్టుకుంటానంది. పని నుంచి వచ్చి కూర్చుంటే కళ్ల ముందు చల్లగా నీళ్లు కనపడాలట.

"ఆ మూల పిచ్చిమొక్కలు తప్ప ఏమీ మొలవవు. తవ్వుకో. నీ గోతిలో ఎలుకైనా మునుగుతుందేమో చూద్దాం" అన్నాడు పెదనాన్న. అదే ఆయన అనుమతి.

మొదట అందరూ చేసినట్టే చేసింది. గుండ్రంగా తవ్వి, చుట్టూ గుండ్రాళ్లు వరసగా పేర్చింది. పెదనాన్న మెట్ల మీద టీ తాగుతూ చూసి, "ఏమ్మా, నేలకు కట్టుడు పళ్లు పెట్టించావా?" అన్నాడు. తన మాట తనకే ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చిన ప్రతివాడినీ వెనక్కి తీసుకెళ్లి ఆ పళ్లు చూపించాడు.

అత్త సెలవు రోజున టిఫిన్ డబ్బా పట్టుకుని ఊరి బయట వాగు దగ్గరికి వెళ్లి, పొద్దుగూకే దాకా రాళ్లను చూస్తూ కూర్చుంది. ఏం చూశావని అడిగితే, "వాగులో ఏ రాయీ నేల మీద కూర్చోలేదురా. అన్నీ నేలలోంచి లేచినట్టున్నాయి" అంది.

వచ్చి పేర్చినవన్నీ పీకేసింది. పెద్ద రోడ్డు వెడల్పు చేసినప్పుడు తవ్వి పారేసిన రాళ్లు ఒకచోట గుట్టగా ఉండేవి. అన్నీ ఒకే జాతి రాయి. వాటిని లాండ్రీ తోపుడు బండి మీద, దుప్పట్ల మూటల పక్కన పెట్టి తెచ్చాం. బండి తోసింది నేనే. ప్రతి రాయినీ సగానికి పైగా నేలలో పాతించింది. రాళ్ల మీది చారలన్నీ ఒకే వైపు వాలాలంది. చిన్నవి పెద్దదాని నుంచి విరిగి పడ్డట్టు దాని మొదట్లో పడి ఉండాలంది. ఒక పక్క అసలు రాళ్లే పెట్టకుండా, కప్పలు ఎక్కి దిగడానికి మట్టి వాలు వదిలింది. లోపల బంకమట్టి పరిచి, ఆ వాచిన పాదాలతోనే తొక్కింది. నీళ్లు ఇంకిపోయాయి. మళ్లీ మట్టి తెచ్చి మళ్లీ తొక్కింది. నాచు పట్టాలని రాళ్లకు పులిసిన పెరుగు పూసింది.

"మనుషులకే పెరుగు చాలక ఏడుస్తుంటే రాళ్లకు పూస్తోంది మహాతల్లి!" అన్నాడు పెదనాన్న.

కొన్ని వానలు పడ్డాయి. కొన్నేళ్లు గడిచాయి. నాచు పట్టింది, కప్పలొచ్చాయి, తూనీగలొచ్చాయి. రాయి ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా పోయింది. అత్త గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చునేది.

అప్పుడు పెదనాన్న కారు కొన్నాడు. కారుకు నీడ కావాలట. ఇంత పెరట్లో నీడకు ఇంకో మూలే దొరకలేదట! కుంట పూడ్చి షెడ్డు వేస్తానన్నాడు. అత్త బతిమాలింది. "ఇల్లెవరిదమ్మా?" అన్నాడు. షెడ్డుకు అనుమతి కోసం ఆఫీసు నుంచి కొలతలాయన టేపుతో వచ్చాడు.

"ఇదేంటండీ, ఇక్కడ కుంట ఉందని చెప్పలేదే!"

"కుంటేంటి సార్, మా చెల్లెలు తవ్వుకున్న గొయ్యి. రేపు పూడ్పించేస్తా."

కొలతలాయన గొంతుక్కూర్చుని నాచు మీద చెయ్యి పెట్టాడు. ఒక రాయిని ఊపి చూశాడు. కదల్లేదు. "ఇవి ఎవరో పెట్టిన రాళ్లు కావండీ. పుట్టుకతో ఉన్నవి. ఇలాంటి కుంటలు పూడ్చకూడదు. షెడ్డు కుదరదు."

"అయ్యో సార్! అది కట్టిందే! ఒక్కో రాయీ మా చెల్లెలే మోసింది, తనే పాతింది. ఎంత కష్టపడిందో నా కళ్లారా చూశాను!"

పెదనాన్న నోట ఆ మాట వినడానికి అత్త ఎన్నేళ్లు ఎదురుచూసి ఉంటుంది! చెల్లెలి పనిని ఆయన నలుగురి ముందు ఒప్పుకున్నది అదొక్కసారే. అదీ దాన్ని పూడ్చడానికి.

కొలతలాయన అత్తను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. "ఈవిడా? షెడ్డు కోసం బాగానే అల్లారు సార్ కథ. అమ్మా, మీరే చెప్పండి. ఇది మీరు కట్టారా?"

ఔనంటే కుంట పోతుంది. కాదంటే కుంట మిగులుతుంది, కట్టిన మనిషి పోతుంది. అత్త చీరకొంగుకు చేతులు తుడుచుకుంది. ఒకసారి రాళ్ల వైపు చూసింది.

"నేనా? భలేవారే బాబూ! బకెట్టు ఎత్తితేనే నడుం పట్టేస్తుంది నాకు. నేనీ ఇంటికొచ్చేసరికే ఉందిది. చుట్టూ కాస్త ఊడుస్తుంటానంతే."

"పచ్చి అబద్ధం! వీణ్ణి అడగండి సార్, బండి తోసింది వీడే!" అని పెదనాన్న నా భుజం పట్టుకు లాగాడు.

నేను నోరు తెరిచాను. అత్త నన్ను మాట్లాడనివ్వలేదు. "వాడికేం తెలుసు బాబూ, పుస్తకాల పురుగు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పమనండి చూద్దాం."

కొలతలాయన పకపకా నవ్వి, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా బోర్డు వచ్చింది.

పెదనాన్న అత్తను ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. పెద్దమ్మ అడ్డుపడింది. ఆడపడుచు మీద ప్రేమతో కాదు. "ఆవిడ పోతే మీ చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేస్తారు?" అంది. దాంతో ఆయన తగ్గాడు. మా ఇంట్లో న్యాయం ఇలాగే జరుగుతుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. పక్కవీధి బడి పంతులమ్మ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, "చూశారా, ప్రకృతి ఎంత గొప్ప శిల్పో! మనిషి తలకిందులుగా తపస్సు చేసినా ఇలా ఒక్క రాయి పెట్టలేడు" అని చెప్పింది. ఆ రాళ్లు పెట్టిన మనిషి వాళ్ల వెనకే నిలబడి పిల్లలకు మంచినీళ్ల గ్లాసులు అందిస్తోంది. నేను కదలబోతే నా చెయ్యి గిల్లింది. ఇంకోరోజు అత్త పాకుడు తీస్తుంటే, ఎలా ఉందో చూసిపోదామని వచ్చిన బోర్డువాడు పట్టుకున్నాడు. "ఏమ్మా, చదువు రాదా? బోర్డు కనపడట్లేదా?" అని గదిమాడు. తను కట్టిన కుంటలో చెయ్యి పెట్టినందుకు అత్త వాడికి "తప్పయింది బాబూ" అని చెప్పుకుంది!

మొన్న వెళ్లేసరికి కుంటలో నీళ్లు సగానికి దిగిపోయాయి. వానలకు మూల రాయి కుంగి, దాని కింద మట్టి చీలింది. నేనింక ఆగలేకపోయాను. ఆఫీసుకు వెళ్లి, ఇది కట్టింది నువ్వేనని అందరి ముందూ చెబుతానన్నాను.

"చెప్పు," అంది అత్త. "నమ్మితే పూడుస్తారు. నమ్మకపోతే నవ్వుతారు. నీకేది కావాలి?"

ఆమె లోపలికెళ్లి గునపం తెచ్చింది. తడి బంకమట్టి ముద్ద కూడా అప్పటికే కలిపి పెట్టుకుంది. వీధి వైపు ఒకసారి తొంగిచూసి, గునపం ఆ రాయి కిందికి దూర్చింది.

"ఊరికే ఉడికిపోకుండా ఆ చివర పట్టు అల్లుడూ. నాచు చెదరనివ్వకు, కొత్తమట్టి కనపడితే పట్టేస్తారు. ఎవడైనా వస్తే, అత్త చెవిదుద్దు నీళ్లలో పడింది, వెతుకుతున్నాం అని చెప్పు."