తిరగబడిన వేలిముద్ర

వేలిముద్రలాయన లంచం తిని దొరికిపోయాడనీ, అందుకే పై అధికారులు ఆయన్ని వేలిముద్రల గదిలోంచి తీసి దస్తూరి గదిలో పడేశారనీ మా వీధిలో ముప్ఫై ఏళ్ళుగా ఒక మాట తిరుగుతోంది. మాటకు కాళ్ళుంటాయి కానీ కళ్ళుండవు. అది ఎంత అబద్ధమో మొన్నటిదాకా ఆయన భార్యకే తెలియదు.

ఆ రోజులే వేరు. నేరం జరిగిన చోట దొరికినవన్నీ పరీక్షించే ఆఫీసు అది. పొడుగాటి వరండా, దాని వెంట వేలిముద్రలకొక గది, దస్తూరికొకటి, విషాలకొకటి, తుపాకులకొకటి. విషాలు చూసే ఆయన, ఇంట్లో ముందు భార్య తిన్నాకే ముద్ద ముట్టేవాడట. తుపాకులు చూసే ఆయన, కుక్కరు కూత వేస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. మన వేలిముద్రలాయన ఎవరింటికి వెళ్ళినా గ్లాసును పై అంచు దగ్గరే పట్టుకుని తాగేవాడు. సాయంత్రం చొక్కా చేతులకు నల్లపొడి అంటించుకుని ఆయన వచ్చేసరికి వీధిపిల్లలంతా మెట్ల మీద బొటనవేళ్ళు చాపి కూర్చునేవారు.

“నీది సుడి. నీది విల్లు. నీది... ముందు ఆ బెల్లం కడుక్కురారా, అప్పుడు చెప్తా.”

ఒకనాడు చొక్కా చేతులు తెల్లగా ఉండగా వచ్చాడు.

“ఇవాళ పొడి లేదేమండీ?” అంది భార్య.

“గది మారింది” అన్నాడు. అంతే, పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడే పక్కింటి కుట్టుమిషను వదిన కుళాయి దగ్గర అందుకుంది. “ఊరికే మారుస్తారా వదినా? ఎవరో అన్నయ్యగారి చెయ్యి తడిపి ఉంటారు.”

“తడిపితే ఈ చీర మూడో ఏడు కూడా కట్టేదాన్నా?” అని భార్య నవ్వేసి బిందె ఎత్తుకుంది. కానీ మాట ముల్లులా దిగబడింది. ఆయన్ని అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అడిగితే అవునంటాడేమోనన్న భయం. ముప్ఫై ఏళ్ళు ఆ ముల్లుతోనే కాపురం చేసింది.

మొన్న ఆయన కళ్ళజోడు బాగు చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు, గేటు దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు. ఒకప్పుడు బట్టల కొట్లో వాచ్‌మన్. సార్‌ని చూసిపోదామని వచ్చాడట. ఆమె కూర్చోబెట్టి టీ ఇచ్చింది. టీతో పాటు కథంతా బయటికొచ్చింది.

“కొట్లో బీరువా పగలగొట్టారమ్మా. దాని తలుపు మీద ఒక వేలిముద్ర దొరికింది. అది యజమాని ఇంట్లోవాళ్ళెవరిదీ కాదని సార్ తేల్చారు. ఇంటిదొంగ కాదంటే బయటివాడు. బయటివాడు దూరాడంటే నేను నిద్రపోయినట్టేగా? ఉద్యోగం ఊడింది. నాలుగు నెలలకి సార్ సైకిలేసుకుని మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, తప్పు నాది అన్నారు.”

“ఏం తప్పు?”

“ముద్రని టేపు మీదకి తీశారు కదమ్మా, దాని ఫోటోని ఆఫీసులో ఇంకొకరు వెనకవైపు నుంచి వేశారంట. కుడి ఎడమైపోయింది. తిప్పి చూస్తే యజమాని అల్లుడి వేలు. ఫోటో వేసినవాడి మీదకి తోసేయొచ్చు. తోయలేదు. సరిచూడాల్సింది నేనేనని కాగితం రాసిచ్చారు. నా ఉద్యోగం నాకొచ్చింది.”

ఆమెకు ఒక సాయంత్రం కళ్ళకు కట్టింది. అప్పుడే ఒకటో తరగతిలో చేరిన కూతురు కిటికీ అద్దం మీద, గదిలోంచి, రంగుతో తన పేరు రాసుకుంది. ఆయన వీధిలోంచి వస్తూ ఆ అద్దం చూసి ఆగిపోయాడు. చెప్పులైనా విప్పకుండా వెనక్కి తిరిగి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. కాఫీ చల్లారిపోయిందని ఆ రోజు ఆమె ఎంత సణిగిందో.

ముసలాయన వెళ్ళిన కాసేపటికి ఆయన వచ్చాడు. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే ఎప్పటిలాగే అంచు పట్టుకుని తాగాడు.

“ఏవండీ, ఒకటి అడుగుతాను, పేపరు అడ్డం పెట్టుకోకూడదు. మిమ్మల్ని దస్తూరి గదికి వాళ్ళు తోశారా, మీరే వెళ్ళారా?”

“నేనే అడిగి వెళ్ళాను.”

“ప్రాణం పెట్టిన పని వదులుకుని?”

ఆయన కిటికీ వైపు చూశాడు.

“వేలిముద్ర తిరగబడితే తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టిందే. అక్షరం తిరగబడితే వీధిలోంచి చూసినా తెలిసిపోతుందిగా.”